చెక్కకు చిక్కని రేఖ

రేఖా! దీపపు మసిలో పుట్టి దీపాన్ని మించి వెలిగేదానా! కుంచె కొసన కొలువై, కాగితం మీద కాలు మోపీ మోపకనే కొండవై నిలిచేదానా, కోనవై ఒదిగేదానా, కొంగవై ఎగిరేదానా! నీది ఒక్క నలుపే, అయినా లోకంలోని రంగులన్నీ నీ అంచున కొలువుతీరతాయి. నీకు బరువే లేదు, అయినా ఫుజి పర్వతం నీ భుజం మీదే నిలబడుతుంది. నీకు నోరు లేదు, అయినా కడలి హోరు నీ కంఠంలోనే పలుకుతుంది. నేటి టోక్యో అయిన ఎడో నగరంలో, చిత్రకారుడు కత్సుషిక హొకుసాయ్ వేళ్ళ చివర వెలసిన వేల్పువి నువ్వు.

నీ పుట్టుకకన్నా నీ త్యాగం గొప్పది. పలుచని కాగితం మీద నిన్ను గీస్తారు. ఆ కాగితాన్ని అడవి చెర్రీ పలక మీద బోర్లా అంటిస్తారు. ఉలి దిగుతుంది. కాగితాన్నీ కర్రనూ కలిపి కోసుకుంటూ పోతుంది. నీకు అటూ ఇటూ ఉన్న లోకమంతా లోతుకు జారిపోతే, నువ్వొక్కదానివే గట్టువై మిగులుతావు. చిత్రకారుడి చేయి తాకిన ఆ కాగితం మాత్రం పొట్టుపొట్టుగా రాలిపోతుంది. అప్పుడు పలకకు సిరా పూసి, కోజో చెట్టు నారతో చేసిన కాగితం పరచి, వెదురుపట్ట చుట్టిన బారెన్ అనే బిళ్ళతో అచ్చు వేసేవాడు ఒత్తి ఒత్తి రుద్దుతాడు. రంగురంగుకూ పలక మారుస్తాడు. సముద్రాలు దాటి వచ్చిన ప్రష్యన్ నీలం నీలో నిండుతుంది. 1831 ప్రాంతంలో హొకుసాయ్ గీసిన మహాకెరటం బొమ్మ అలాగే లేచింది. ఒక్కదానివి మరణించి వేలుగా పుట్టావు. 2024లో వచ్చిన వెయ్యి యెన్ల నోటు మీద ఇవాళ జపాన్ జనం జేబుజేబులోనూ ఎగసిపడుతున్నావు.

అయితే రేఖా, ఉలి నీ దాకా రాని చోటు ఒకటుంది! సమస్త వస్తు మహా చిత్రగ్రంథం కోసమని ఆ మహానుభావుడు 103 బొమ్మలు గీశాడు. పోస్టుకార్డంత కాగితాలు, వాటిలో పట్టినంత ప్రపంచం. ఏ కారణానో ఆ గ్రంథం అచ్చుకు ఎక్కలేదు. అచ్చయితే నువ్వు మిగిలేదానివి కావు. అచ్చు తప్పడమే నీ అదృష్టమైంది, పుస్తకం పుట్టకపోవడమే నీకు ఆయుష్షయింది. 1948లో పారిస్ వేలంలో చేతులు మారి, లోకం కంటినుంచి మాయమై, 2019లో మళ్ళీ వెలుగు చూశావు. 2020లో బ్రిటిష్ మ్యూజియం చేరావు. 2021 సెప్టెంబరు 30న లండన్‌లో ఆ బొమ్మల ప్రదర్శన తలుపులు తెరిచేనాటికి, హొకుసాయ్ చేతి తడి ఇంకా ఆరనట్టే ఉన్నావు.

ఎంత దగ్గరగా చూస్తే అంత దూరం తీసుకుపోతావు! ఒక బొమ్మలో రెండు పిల్లులు, వెనుక మందారం. ఎదురెదురుగా బిగిసిన ఆ రెండు దేహాల మధ్య ఏమీ గీయని తెల్ల కాగితం, ఆ తెలుపులోనే పగంతా పొంచి ఉంది. వీపు మీదుగా సాగిన గీత, నేల చూసుకోకుండా ముగ్గు వేసే అమ్మ చేతిలాగా, ఒక్క చోటా తడబడదు. ఇంకో బొమ్మలో బుద్ధుడి వంశమైన శాక్యులను చంపిన విరూఢకుడి మీద పిడుగు పడుతోంది. అక్కడ నువ్వు గీతవు కావు, గర్జనవు! చిట్లి, చెదిరి, చిమ్మి, చుట్టూరా చెలరేగి, చిన్న కాగితంలో బ్రహ్మాండమంత భయాన్ని బద్దలుకొడతావు.

విరూఢకుడు మన దేశపు రాజు. జనాన్ని దేశం దాటనివ్వని రోజుల్లో హొకుసాయ్ భారతదేశాన్ని ఊహించాడు, చైనాను ఊహించాడు, చూడని కొండలకు నీడలిచ్చాడు, వినని వీధులకు సందడినిచ్చాడు. బౌద్ధ గాథలే అతనికి బాటలు, నువ్వే అతనికి ఓడవు. ఆ మ్యూజియంలోనే, ఆ కప్పు కిందే, మన అమరావతి పలకలూ ఉన్నాయి. కృష్ణాతీరపు శిల్పులు పల్నాటి సున్నపురాయిలో చెక్కిన తథాగతుడి కథలవి. అక్కడ ఉలి తాకి బతికిన రేఖవు, ఇక్కడ ఉలి తాకక బతికిన రేఖవు. రాతిలో అయినా సిరాలో అయినా ఒక్క కరుణే నిన్ను నడిపింది, ఒక్క భక్తే నిన్ను వంచింది, ఒక్క బుద్ధుడే నీ మలుపు మలుపులో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

1834లో ఫుజి శతదృశ్యాల పుస్తకం చివర ఆ వృద్ధుడు వినయంగా ఒక మాట చెప్పుకున్నాడు. డెబ్బై ఏళ్ళ లోపు గీసినదేదీ లెక్కలోకి రాదట. నూట పదేళ్ళు బతికితే గీసిన ప్రతి చుక్కా, ప్రతి గీతా ప్రాణంతో కదులుతుందట. చిత్రాల పిచ్చి పట్టిన ముసలివాడినని సంతకం చేసుకున్న ఆ ధన్యుడు 1849లో కన్నుమూశాడు. నూట పది నిండలేదు. నిండనక్కరలేదు, ఎందుకంటే రేఖా, నీకు ప్రాణం అప్పటికే వచ్చేసింది!

అప్పుడు పుట్టని ఆ పుస్తకం 2021లో జపాన్ కళా పండితుడు టిమొథీ క్లార్క్ వ్యాఖ్యతో పుట్టింది. ఈసారి అచ్చు కోసం ఒక్క బొమ్మా బలి కాలేదు. ఆ బొమ్మలు మ్యూజియం అంతర్జాల సంగ్రహంలోనూ ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. పాఠకుడా, కెరటాన్ని నువ్వు ఎన్నోసార్లు చూసి ఉంటావు. ఈసారి ఆ పిల్లుల బొమ్మ తెరువు, తొందరపడకు, ఒక్క గీతనే మొదటినుంచి చివరిదాకా చూపుతో అనుసరించు. జపాన్‌ను తెలుసుకోవడానికి అంతకన్నా మంచి మొదలు లేదు.