పాత బెజ్జంలోనే కొత్త దారం

తొలకరి పడగానే రాయలసీమలోని తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. ఆ తడిమట్టిలో నేనూ తోలు బూట్లతో ఒక పూట తిరిగాను. కుడి బూటు అట్ట నోరు తెరిచింది.

చెట్టు నీడన చెప్పులు కుడుతూ కూర్చున్న పెద్దాయన బూటు అందుకుంటూనే అడిగిన మాట: "ఎండలో పెట్టినారా సార్?"

"లేదు పెద్దాయనా, నీడలోనే. లోపల కాగితాలు కుక్కి పెట్టినా."

ఆయన ముఖం విప్పారింది. తడిసిన తోలును ఎండలో పెడితే బిరుసెక్కి, మడతల దగ్గర పగులుతుంది. పగిలిన తోలును ఏ కుట్టూ కాపాడలేదు.

ముందు తెగిన దారం ముక్కలన్నీ లాగేశారు. సందులోని మట్టి గీకి, రెండు వైపులా గరుకు చేసి సొల్యూషన్ పూశారు. వెంటనే అతికించలేదు. పూత వేలికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగి, అదిమి, ఇనుప దిమ్మ మీద సుత్తితో కొట్టారు. చాలామంది పని అక్కడితో ముగిస్తారు. ఈయన కత్తిమొనతో అట్ట అడుగున, కుట్టు వెంబడి సన్నని గాడి తీశారు. నేల రాపిడి తగలకుండా దారం అందులో దాక్కోవాలి.

ఇక తోలు కుట్టే ఆరె. దాని మొన దగ్గర చిన్న కొక్కెం. కుడిచేయి ఆరెను పైనుంచి దించుతుంది. బూటు లోపలున్న ఎడమచేయి మైనం పట్టించిన దారాన్ని ఆ కొక్కేనికి తగిలిస్తుంది. పైకొచ్చిన ఉచ్చులోంచి రెండో కొస దూర్చి, రెండూ బిగలాగాలి. ఎడమచేతి పనంతా కంటికి కనబడనిదే, అంతా వేళ్లకే తెలియాలి. ప్రతిసారీ మొన పాత బెజ్జంలోనే దిగింది.

"పాతది ఉండగా కొత్తది ఎందుకు పొడిచేది?" అన్నారు. కొత్త బెజ్జమంటే తోలుకు కొత్త గాయమే. బెజ్జాలు దగ్గరదగ్గరగా పడితే తపాలా బిళ్లల తావులా ఆ వరస వెంటే చిరిగిపోతుంది.

ఈ పనితనం వెనక పాత రాయలసీమ సేద్యముంది. తంగేడు చెక్కతో లంద తొట్టిలో తోలు ఊనిన చేతులే బావి నీళ్లు తోడే కపిల బానకు తోలు తొండం కుట్టాయి. ఎద్దులు లాగే నీటి బరువుకు ఆగిన కుట్టు అది! దానికి ప్రతిఫలం కళ్లంలో కొలిచిన గింజలు. అంత నేర్పుకు అది నాకు చాలా తక్కువగా తోస్తుంది.

చివరగా గాడి అంచులు సుత్తితో మూశారు. గోటితో తడిమినా దారం తగల్లేదు. నేను డబ్బు తీస్తుండగా ఆయన ఎడమ బూటు అంచు తడుముతూ ఒకచోట ఆగారు.

"ఇక్కడ రెండు కుట్లు వదిలినాయి" అంటూ మళ్లీ దారానికి మైనం పట్టించసాగారు.