అపరాధ పరిశోధన ధారావాహికలలో స్త్రీపాత్ర: నల్లమల నేపథ్యమున ఒక పరిశీలన

అపరాధ పరిశోధన కథకు ప్రాణము సత్యాన్వేషణము. నేరమేమి, నేరస్థు లెవ్వరు, సాక్ష్యమెక్కడ అను మూడు ప్రశ్నలపై ఆ కథ నడచును. కావున ఇట్టి ధారావాహికలలో స్త్రీ ఎన్ని సన్నివేశములలో కనిపించినదని లెక్కించుటకంటె, ప్రశ్నించు అధికారమును, ఎరిగి చెప్పు అధికారమును ఎవరికి దక్కినవని విచారించుట యుక్తమని మా తలంపు.

అమ్రాబాదు పులుల అభయారణ్యము నల్లగొండ, నాగర్‌కర్నూలు జిల్లాలయందు వ్యాపించియున్నది. వీనిలో రెండవది 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లాలోని భాగమే. ఈ నల్లమల నేపథ్యముగా ప్రదీప్ మద్దాళి దర్శకత్వమున 2024 నవంబరులో జీ5 నందు 'వికటకవి' వెలువడినది. అమరగిరి గ్రామమున జనులు జ్ఞాపకమును కోల్పోవుచుందురు. అది దైవశాపమని ఊరు నమ్మును. ఉస్మానియా విద్యార్థియగు రామకృష్ణ అచ్చటికి వచ్చి హేతువును శోధించును. తెలంగాణపు పల్లెను, హేతువిచారమును ఒకచోట కూర్చిన ఈ యత్నము అభినందనీయమే. అయినను, లక్ష్మి అను నాయిక యున్నను, శోధకుడు పురుషుడే; కథాసూత్రము ఆతని చేతిలోనిదే.

శోధకుని స్థానమున స్త్రీని నిలిపినంతమాత్రమున ఈ కొరత తీరునా? తీరదనియే మేమందుము. 'కర్తవ్యం' (1990) చిత్రమున పోలీసు అధికారిణిగా నటించిన విజయశాంతి జాతీయ ఉత్తమనటి పురస్కారమందెను. ఆ పాత్ర ధైర్యము మెచ్చదగినదే. కాని అది చాలవరకు మన చలనచిత్ర వీరునకు అలవాటైన ధైర్యము. మరుసటి ఏట బ్రిటనులో ప్రసారమైన 'ప్రైమ్ సస్పెక్ట్'లో హెలెన్ మిరెన్ ధరించిన జేన్ టెనిసన్‌కు సహోద్యోగుల తిరస్కారమే దర్యాప్తునకు అడ్డు. అచ్చట స్త్రీత్వము పాత్రకు తొడిగిన వేషము కాదు. కథను నడపు హేతువు.

మనకు ఇంతకంటె సమీపమైన ఆధారము కలదు. 1940ల నాటి నల్లగొండ జిల్లాలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖు నెదిరించి తన పంటను నిలుపుకొనెను. ఆ రైతాంగ పోరాటమున పాల్గొనిన స్త్రీల నోటిమాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథముగా ప్రకటించినది. వ్రాతపత్రములు విడిచిన విషయములు ఆ స్త్రీల జ్ఞప్తియందు నిలిచియుండెను. ఊరు మరచిన దానిని వెదకు కథకునకు ఇంతకంటె ఉచితమైన సాక్షి వేరొకరు కలరా?

స్త్రీని బాధితురాలిగనో, అనుమానితురాలిగనో, సహాయకురాలిగనో చూపుట సులభము. ఆమె మాటయే సత్యనిర్ణయమునకు ప్రమాణమగునట్లు కథ నల్లుట కష్టము. మన ధారావాహికలకు పరీక్ష ఈ రెండవదానియందే కలదు. పరిశోధక విద్యార్థులు పాత్రలసంఖ్యతో తృప్తిచెందక, ఎవరి సాక్ష్యముతో చిక్కుముడి వీడినదో ప్రతికథయందును పరిశీలింతురుగాక యని మా ఆకాంక్ష.