శుశ్రూషకు నోచుకోని శుశ్రూషకులు: రోగశయ్య పక్కన బిడ్డల కథనాలు

రోగికి చేసే పరిచర్యను తెలుగులో శుశ్రూష అంటాం. ఈ పదానికి మూలమైన ‘శ్రు’ ధాతువుకు వినడం అని అర్థం. సన్నంతరూపమైన శుశ్రూషకు వినాలనే కోరిక అని అర్థం. పెద్దల మాట వినాలనే కోరిక విధేయతగా, విధేయత సేవగా, సేవ రోగిపరిచర్యగా అర్థపరిణామం పొందింది. ఈ క్రమంలో వినడమనే తొలి అర్థం మరుగున పడింది. తీవ్రవ్యాధికి లోనైన తల్లి పక్కనో తండ్రి పక్కనో పెరిగే బిడ్డను చిత్రించిన కథనాలను చదివేటప్పుడు ఆ తొలి అర్థంతో మళ్ళీ పని పడుతుంది. బిడ్డ చేసే శుశ్రూషను మన సంప్రదాయం వేనోళ్ళ మెచ్చుకుంది. ఆ బిడ్డకు జరగవలసిన శుశ్రూష, అంటే ఆ బిడ్డ మనసులోని మాటను వినడం, ఏ కథనంలో ఎంతవరకు జరిగిందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఇందుకు రెండు ఇతిహాస ఘట్టాలను, రెండు ఆధునిక నవలలను స్వీకరిస్తున్నాను.

మొదటిది వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పిన మునికుమారవృత్తాంతం. అంధులైన తల్లిదండ్రుల దాహం తీర్చడానికి నీటికి వచ్చిన బాలుడు శబ్దవేధి బాణానికి నేలకూలతాడు. వాల్మీకి ఈ బాలుడికి పేరు పెట్టలేదు. లోకంలో ప్రసిద్ధమైన శ్రవణకుమారుడనే పేరు వినికిడినే స్ఫురింపజేయడం గమనించదగినది. ఆ పేరుతో పాటు జనశ్రుతిలో స్థిరపడినది కావడి. తల్లిదండ్రులను కావడిలో మోసిన కొడుకుగానే ఇతడు పిల్లల పుస్తకాలకెక్కాడు. వాల్మీకి ఘట్టంలో ఆ కావడి లేదు. అక్కడ ఉన్నది బాలుడి మాట. ఎవరికీ అపకారం చేయని తనను ఎందుకు కొట్టారని అడుగుతాడు. ఒక్క బాణంతో ముగ్గురు హతులయ్యారంటాడు. దప్పికతో ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళమని రాజును కోరతాడు. ఆ తరువాత, మర్మస్థానాన్ని బాధిస్తున్న బాణాన్ని తీయమని వేడుకుంటాడు. తన కోసం అతడు కోరినది ఆ ఒక్కటే. ప్రాణం పోయే వేళ తప్ప ఈ బిడ్డకు తన నొప్పిని గురించి మాట్లాడే అవకాశం రాలేదు. మన బాలసాహిత్యం కావడిని నిలుపుకుని ఆ కొద్దిపాటి మాటను కూడా వదులుకుంది.

రెండవది నన్నయ ఆదిపర్వంలో తెనిగించిన యయాతివృత్తాంతం. శుక్రుడి శాపంతో యయాతికి అకాలంగా జర సంక్రమించింది. జర వ్యాధి కాదనీ, కొడుకులు పసివారు కారనీ అభ్యంతరం చెప్పవచ్చు. కానీ తండ్రి దేహదుఃఖాన్ని బిడ్డ ఎంతవరకు మోయాలి అనే ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన ఘట్టం అరుదు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు ఆ భారాన్ని నిరాకరించారు. సంస్కృతమూలంలో వారి మాటలు ముసలితనపు భయానికి జాబితా వంటివి: నెరిసిన గడ్డం, ముడతలు పడిన మేను, సన్నగిల్లిన బలం, తిండి సయించని స్థితి, తడబడే మాట. చిన్నవాడైన పూరువు మాత్రం తండ్రి కోరినట్లే చేస్తానన్నాడు. నిరాకరించిన నలుగురికీ శాపం దక్కింది, అంగీకరించిన వాడికి రాజ్యం దక్కింది.

ఈ పంపకాన్ని పితృభక్తి ఔన్నత్యంగా వ్యాఖ్యానించడం పరిపాటి. కథనంలోని మాటల పంపకాన్ని చూస్తే మరొక విషయం బయటపడుతుంది. భయాన్ని పలికినవారందరూ ధిక్కారులే, విధేయుడికి భయాన్ని పలికే సందర్భమే లేదు. అందువల్ల భయం చెప్పుకోవడమే అవిధేయతకు గుర్తుగా నిలిచిపోయింది. ఆపైన కథనం తిరిగి లభించిన యౌవనంతో యయాతి గడిపిన వెయ్యేళ్ళ వెంట నడుస్తుంది. ఆ వెయ్యేళ్ళూ జరాభారంతో పూరువు ఎలా ఉన్నాడో కవి చెప్పడు, తండ్రి అడగడు. పూరువు మౌనాన్ని సంతోషంగా చదవడానికి పాఠంలో ఆధారం లేదు. అది మౌనం మాత్రమే.

పూరువు మౌనంగా ఉన్న చోటనే జెర్రీ పింటో ఆంగ్లనవల ‘ఎమ్ అండ్ ద బిగ్ హూమ్’ మాట్లాడుతుంది. 2012లో వెలువడి, 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవలకు రంగస్థలం ముంబయిలోని మాహిమ్‌లో ఒక ఇరుకు ఇల్లు. గోవా మూలాలున్న ఆ క్రైస్తవ కుటుంబంలో తల్లి ఇమెల్డా ఉన్మాద, విషాదావస్థల నడుమ ఊగిసలాడే తీవ్రమానసికవ్యాధిగ్రస్తురాలు. పలుమార్లు ఆత్మహత్యకు ప్రయత్నించింది. పిల్లలు ఆమెను ‘ఎమ్’ అనీ, తండ్రి ఆగస్టీన్‌ను ‘బిగ్ హూమ్’ అనీ పిలుస్తారు. కొడుకే కథకుడు. అతడికి రచయిత పేరు పెట్టలేదు.

తనలోకి వ్యాధి ఎలా ప్రవేశించిందో తల్లి కొడుక్కి చెప్పే సన్నివేశం నవలకు కీలకం. అతడు పుట్టిన తరువాత లోపలెక్కడో కొళాయి విప్పినట్టు నలుపు చుక్క చుక్కగా కారడం మొదలైందన్నట్టు ఆమె చెబుతుంది. ఆమె మాటలో నిందలేదు, నిజాయితీ మాత్రమే ఉంది. వినే కొడుక్కి ఆ నిజాయితీయే బరువు. రోగి మాటను వినడమే శుశ్రూష అయినప్పుడు, విన్నవాడి మనసులో ఆ మాట ఎక్కడ దిగుతుందో చూసేవారెవరు అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. దానికి తోడు మరో భయం ఉంది. తల్లి వ్యాధి వారసత్వంగా తనకూ వస్తుందేమోనని కథకుడు తన మనసును తానే కాపలా కాస్తాడు. పూరువు ఒప్పుకుని తీసుకున్న జర వంటి భారాన్ని ఇతడు ఎవరూ అడగకుండానే మోస్తున్నాడు. అయితే అతడికి దక్కిన స్వేచ్ఛ పూరువుకు దక్కలేదు. అతడు తల్లిని ప్రేమిస్తాడు, ఆమె మాటలకు నవ్వుతాడు, విసుగుపడతాడు, మామూలు ఇల్లు కావాలని ఆశపడతాడు. వీటిలో ఏ ఒక్కటీ మరొకదానిని రద్దు చేయదు. ఆత్మహత్య జరుగుతుందేమోనని ఏళ్ళ తరబడి కాచుకున్న ఇంట్లో ఎమ్ చివరికి గుండెపోటుతో మరణిస్తుంది. కాపలాతో మరణం ఆగదనీ, అది ఆగకపోవడం కాపలా కాసిన బిడ్డ తప్పు కాదనీ ఆ ముగింపు నుంచి గ్రహించవచ్చు.

ప్యాట్రిక్ నెస్ 2011లో ప్రచురించిన ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ మరింత పదునైన చోటికి వెళ్తుంది. ఈ ఊహ మొదట షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె 2007లో కాన్సర్‌తో మరణించగా, ఆ బీజాన్ని నెస్ నవలగా పెంచాడు. పదమూడేళ్ళ కానర్ తల్లి కాన్సర్ చికిత్సలో ఉంది. అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషాలకు యూ చెట్టు రాక్షసరూపంలో వచ్చి మూడు కథలు చెబుతానంటుంది. నాలుగవది కానరే చెప్పాలి, అది నిజమై ఉండాలి.

అమ్మమ్మ గదిని ధ్వంసం చేసినా, బడిలో తోటి విద్యార్థిని కొట్టినా కానర్‌ను ఎవరూ శిక్షించరు. శిక్షించి ఏం ప్రయోజనం అన్నదే పెద్దల ధోరణి. అది జాలి. కానీ పిల్లవాడికి ఆ జాలి తనను లెక్కలోంచి తీసివేయడంలా తోస్తుంది. అతడు శిక్షను కోరుకోవడానికి కారణం నాలుగవ కథలో ఉంది. పీడకలలో కొండ అంచు నుంచి జారిపోతున్న తల్లి చేతిని అతడు వదిలేస్తాడు. ఇంకాసేపు పట్టుకోగలిగీ వదిలేశాడు. ఈ బాధ ముగిసిపోతే బాగుండునని కోరుకున్నాడు. తల్లి బతకాలన్న కోరిక, బాధ ముగియాలన్న కోరిక ఒకే మనసులో ఉండవచ్చుననీ, మనిషిని ఆలోచనను బట్టి కాక చేసిన పనిని బట్టి చూడాలనీ రాక్షసుడు అతడికి బోధపరుస్తాడు. యదువుల వంటివారు పలికిన భయాన్ని ఇక్కడ పూరువు వంటి బిడ్డ పలికాడు. శాపం రాలేదు. ఆ మాట బయటికి వచ్చాకే అతడు తల్లి మంచం దగ్గరికి వెళ్ళి, ఆమెను వెళ్ళనివ్వడం ఇష్టం లేదని చెప్పి, గట్టిగా పట్టుకోగలిగాడు.

పురాణేతిహాసాలను ఆధునిక మనస్తత్వశాస్త్రపు గజంబద్దతో కొలవడం అన్యాయమనే వాదంలో బలముంది. ఆ ఘట్టాల ప్రయోజనం ధర్మనిరూపణ. బాలుడి అంతరంగచిత్రణ వాటి పని కాదు. అయితే వాటిని మనం ఈనాటి తరగతిగదిలో బోధిస్తున్నాం, పరిశోధనలో ఆదర్శపాత్రలుగా వర్గీకరిస్తున్నాం. ఆ గదిలో డయాలిసిస్‌కు వెళ్ళే తండ్రిని ఇంట్లో వదిలి వచ్చిన విద్యార్థి ఉండవచ్చు. సేవ చేస్తూ విసుగుపడినందుకు తనను తాను యదువుల జాబితాలో చేర్చుకుని అతడు మౌనంగా కూర్చోవచ్చు. ఆ ఘట్టాలను తొలగించడం పరిష్కారం కాదు. వాల్మీకి బాలుడు బాణం తీయమన్న మాటను పాఠంలో నిలపాలి. పూరువు ప్రస్తావన వచ్చినప్పుడు ఆ వెయ్యేళ్ళు అతడికెలా గడిచి ఉంటాయో విద్యార్థులను అడగాలి. నిరాకరించిన కొడుకుల భయంలో ఎంత న్యాయముందో చర్చించాలి. విమర్శకులు ఇటువంటి పాత్రలకు త్యాగమూర్తి అనే విశేషణం తగిలించే ముందు, ఆ పాత్ర తన గురించి పలికిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. యయాతివృత్తాంతంలో పూరువు విషయంలో ఆ లెక్క అంగీకారవాక్యంతోనే ముగుస్తుంది.