మంత్రసాని చెయ్యి

మంత్రసానిని కన్నడంలో సూలగిత్తి అంటారు. కర్ణాటకలోని పావగడ తాలూకా కృష్ణాపురం నరసమ్మగారికి అదే ఇంటిపేరైపోయింది. అవ్వ దగ్గర పని నేర్చుకుని, పైసా పుచ్చుకోకుండా 15,000కు పైగా కాన్పులు చేశారని చెబుతారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి బిడ్డ తల ఎటుందో చెప్పడం చిన్న విద్య కాదు.

ఇంటి కాన్పా, ఆసుపత్రా అన్న వాదం పాతదే. ముర్రుపాలు పిండి పారబొయ్యమనే పాత మాట తప్పు. పుట్టిన గంటలోపే పట్టించమనే ఆసుపత్రి నర్సమ్మ మాటే ఒప్పు. నెత్తురు ఆగనప్పుడూ ఆసుపత్రే దిక్కు. కానీ నొప్పుల వేళ నడుము నిమురుతూ తెల్లవార్లూ పక్కన కూర్చునే ఓపిక మంత్రసానిది. ఆ ఓపికా ఆసుపత్రి వైద్యమూ కలిసేలా తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ (మంత్రసాని విద్య) శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి నర్సమ్మలు కర్ణాటకలో బీదర్ జిల్లా కుశనూర్ లాంటి పల్లెలకూ రావాలి.