లింకు గ్రంథాలయం అవుతుందా?

సాహిత్య విమర్శకు తొలి మెట్టు పాఠ నిర్ధారణ. మనం చదువుతున్నది ఏ ముద్రణ, అందులో పుటలన్నీ ఉన్నాయా అన్నది తేలకుండా చేసే వ్యాఖ్యకు విలువ ఉండదు. ఈ మాట స్కాన్ చేసిన పుస్తకాలకూ వర్తిస్తుంది. ఒకరు పుస్తకాన్ని ఫైలుగా మార్చి మీడియాఫైర్, గూగుల్ డ్రైవ్ వంటి సేవలో ఉంచుతారు. దాని లింకు వాట్సాప్‌లో చేతులు మారుతూ పోతుంది. ఈ పద్ధతి బలాబలాలను పరిశీలిద్దాం.

దీని మేలును తక్కువ చేసి చూడరాదు. ఉద్యోగం చేసుకుంటూ, దగ్గరలో మంచి గ్రంథాలయం లేని ఊళ్లో చదువుకునే వారికి, ఎన్నడో ముద్రణ ఆగిపోయిన పుస్తకం ఫోనులోకి రావడం చిన్న విషయం కాదు. అయితే లోపాలు మూడు ఉన్నాయి.

మొదటిది గుర్తింపు లేకపోవడం. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. ఆ నాటకాన్ని ఆయన చాలావరకు తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్లీ ప్రచురించారు. ‘కన్యాశుల్కం’ అని మాత్రమే పేరున్న ఫైలులో ఉన్నది వీటిలో ఏది? స్కాన్ చేసినవారు ముఖపత్రాన్నీ పీఠికనూ వదిలేస్తే తెలుసుకోవడం కష్టం. గిరీశం పాత్రచిత్రణపై వ్యాసం రాసే విద్యార్థి 1897 నాటి సంభాషణను చూపి 1909 నాటకం గురించి తీర్పు చెప్పే ప్రమాదం ఉంది.

రెండవది మన్నిక లేకపోవడం. ఒకప్పుడు ప్రపంచమంతటా వాడిన ర్యాపిడ్‌షేర్ 2015 మార్చి 31న మూతపడింది. కాపీరైటు ఉల్లంఘన ఆరోపణలపై 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వం మెగాఅప్‌లోడ్‌ను మూయించినప్పుడు, అక్కడ సొంత ఫైళ్లను దాచుకున్నవారికి కూడా అవి అందకుండా పోయాయి. పుస్తకం చినిగితే అతికించుకోవచ్చు. లింకు తెగితే చేయగలిగింది లేదు.

మూడవది హక్కుల విచక్షణ లేకపోవడం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత బతికుండగా ప్రచురితమైన రచనపై హక్కు ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో మరణించారు కనుక ఆయన నాటకాన్ని ఎవరైనా పంచుకోవచ్చు. కానీ దానికి ఈ కాలపు సంపాదకుడు రాసిన పీఠికకు వేరే హక్కు ఉంటుంది. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై హక్కు 2043 చివరి వరకు ఉంటుంది. ఈ తేడాలేవీ లింకు చెప్పదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ప్రతి పుస్తకానికీ వివరాల పుట ఉంటుంది. ఈ విషయంలో అది మెరుగు. అక్కడ కూడా తెలుగు పుస్తకాల పేర్లు, సంవత్సరాలు తప్పుగా నమోదైన సందర్భాలున్నాయి. కాబట్టి సరిచూసుకునే బాధ్యత చివరికి పాఠకునిదే.

ఫైళ్లు దాచే చోటు గోదాము వంటిది. సూచిక, దాన్ని చూసుకునే మనిషి ఉంటేనే అది గ్రంథాలయమవుతుంది. మీరు పంచే ఫైలు పేరులో రచయిత పేరు, ముద్రణ సంవత్సరం చేర్చండి. ముఖపత్రాన్ని తప్పక ఉంచండి. అప్పుడు మీ తర్వాత చదివేవారికి ఆ సూచిక మీరే ఇచ్చినవారవుతారు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: మీ ఫోనులో ఉన్న ఒక తెలుగు పుస్తకం ఫైలును తెరవండి. అది ఏ ముద్రణో నిర్ధారించి, మీ ఆధారాలను ఐదు వాక్యాల్లో రాయండి.