సరిదిద్దని గొంతు

అమెరికన్ పత్రికాఫీసుల్లో శీర్షిక ఇంకా కుదరని వ్యాసం పైన ‘టీకే’ అని రాసి ఉంచుతారు. తర్వాత వస్తుందని అర్థం. ‘ది బ్రీడర్స్’ అనే ఇండీ రాక్ బృందం 2002లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘టైటిల్ టీకే’. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కి చెందిన కవల అక్కచెల్లెళ్ళు కిమ్ డీల్, కెల్లీ డీల్ ఈ బృందానికి ప్రాణం. వాళ్ళ ముందరి ఆల్బమ్ ‘లాస్ట్ స్ప్లాష్’ 1993లో వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్ళు. ఇంత ఆలస్యం ఒక మగ సంగీతకారుడు చేస్తే తపస్సు అంటారు. కిమ్ దగ్గరికి వచ్చేసరికి అది మొండితనం, పిచ్చి పట్టుదల అయిపోయింది.

ఆ తొమ్మిదేళ్ళలో పాట తయారయ్యే పద్ధతే మారిపోయింది. స్టూడియోలు కంప్యూటర్ల మీదికి మళ్ళాయి. 1997లో ఆటోట్యూన్ వచ్చింది. శ్రుతి తప్పిన స్వరాన్ని, పాడిన మనిషితో పని లేకుండానే సరిచేసే సాఫ్ట్‌వేర్ అది. కిమ్ దీన్ని ఒప్పుకోలేదు. కంప్యూటర్, డిజిటల్ రికార్డింగ్, ఆటోట్యూన్ ఏవీ వాడకూడదన్న తన నియమానికి ‘ఆల్ వేవ్’ అని పేరు పెట్టుకుంది. ‘టైటిల్ టీకే’ ఆ నియమం ప్రకారమే టేపు మీద రికార్డయింది.

టేపు మీద పనంటే ఏమిటి? స్టూడియోల్లో వాడే రెండంగుళాల టేపు సెకనుకి 30 అంగుళాల వేగంతో తిరిగితే ఒక రీలు దాదాపు 16 నిమిషాల్లో అయిపోతుంది. ఒక ముక్క తీసెయ్యాలంటే బ్లేడుతో కోసి అతికించాలి. స్వరం నచ్చకపోతే మళ్ళీ పాడాలి. దిద్దుబాటు ఏదైనా పాడే మనిషి గొంతులోంచీ, వాయించే మనిషి చేతుల్లోంచీ జరగాల్సిందే. కిమ్ ఇందులో గిటారుతో ఆగలేదు, డ్రమ్స్ కూడా వాయించింది.

‘ఆఫ్ యూ’ అనే పాట వినండి. వాద్యాలు చాలా తక్కువ. నలభై ఏళ్ళ స్త్రీ గొంతు, కాస్త బొంగురుగా, చెవి పక్కనే పాడుతున్నట్టుంటుంది. ఊపిరి వినిపిస్తుంది. ఆడగొంతు అంటే తీయగా, లేతగా, మచ్చ లేకుండా ఉండాలని మార్కెట్ ఎప్పుడో తీర్మానించింది. ఈ పాట ఆ తీర్మానాన్ని పట్టించుకోదు. అలాగని ఇది అజాగ్రత్తగా పాడింది కాదు. ఏ గరుకు ఉండాలో, ఏది పోవాలో పాడిన మనిషే తేల్చుకున్న పాట.

అయినా ఈ ధ్వని గురించి మాట్లాడేటప్పుడు ముందుగా వినిపించే పేరు ఇంజనీరు స్టీవ్ ఆల్బినీది. 2024లో చనిపోయిన ఆల్బినీ తనని ప్రొడ్యూసర్ అనొద్దని జీవితమంతా చెప్పాడు. నిర్ణయాలు బృందానివే అన్నాడు, రాయల్టీలు తీసుకోలేదు. ఆయన వద్దన్న కర్తృత్వాన్ని కూడా ఆయనకే కట్టబెట్టడం చూస్తే ఆడవాళ్ళ పనిని గుర్తించడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఈ సంగతి కిమ్‌కి ముందే తెలుసనుకుంటాను. ‘పిక్సీస్’ బృందంలో ఉన్నప్పుడు, ఆల్బినీయే రికార్డు చేసిన 1988 నాటి ‘సర్ఫర్ రోజా’ మీద ఆమె తన పేరు ‘మిసెస్ జాన్ మర్ఫీ’ అని వేయించుకుంది. భర్త పేరుతో పిలవడమే గౌరవమనుకునే పద్ధతి మీద ఆమె విసిరిన వ్యంగ్యం అది.

అయితే టేపుని పవిత్రం చెయ్యడం కూడా ప్రమాదమే. టేపు ఖరీదు, స్టూడియో గంటల లెక్కన అద్దె. ఆ డబ్బు లేని ఎందరో అమ్మాయిలకి పడగ్గదిలో ఉన్న కంప్యూటరే స్టూడియో అయింది. మగవాళ్ళ అనుమతి అడగకుండా పాట చేసుకునే వీలు దానివల్ల దొరికింది. పాత యంత్రాల మోజులో ఈ వర్గ ప్రశ్నని మర్చిపోకూడదు.

అందుకే ఈ ఆల్బమ్‌లో నాకు ముఖ్యమైనది యంత్రం కాదు. తన గొంతుని ఎవరు, ఎంతవరకు సవరించాలనే హక్కుని ఒక స్త్రీ చివరిదాకా తన దగ్గరే ఉంచుకోవడం. 2008లో వచ్చిన ‘మౌంటెన్ బ్యాటిల్స్’లోనూ ఆమె ఆ హక్కుని వదల్లేదు. మన రాతల్లో ‘భాష సాఫీగా లేదు’ అని పక్కన పెట్టిన వాక్యాల్ని మళ్ళీ చదివేటప్పుడు, ఆ సాఫీతనం ఎవరి చెవికి కావాలో అడగడానికి ఈ పాటలు పనికొస్తాయి.