వాడుకున్నవారే చెల్లించాలా? కృష్ణా దిగువ డెల్టా రోడ్లపై ఒక విమర్శ

1. పాఠం ఉద్దేశం

రవాణా సదుపాయాలకు పెట్టుబడి సమకూర్చే పద్ధతులను మీరు ఇంతకు ముందు పాఠాల్లో చదివారు. పన్నులు, రుణాలు, సెస్సులు, టోల్ రుసుములు, ప్రైవేటు భాగస్వామ్యం అనే పద్ధతులు మీకు పరిచయమే. వీటన్నింటి వెనుక ఈనాడు ఎక్కువగా వినిపించే సూత్రం ఒకటుంది: 'వాడుకున్నవారే చెల్లించాలి'. ఈ సూత్రాన్ని నేర్చుకోవడంతో సరిపెట్టక, ఒక ప్రాంతానికి అన్వయించి పరీక్షించడం ఈ పాఠం ఉద్దేశం. అందుకు మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలు ఉన్న కృష్ణా దిగువ డెల్టాను తీసుకుందాం. ఈ ప్రాంతం మీకు తెలియకపోయినా ఇబ్బంది లేదు. పాఠం పూర్తయ్యాక మీ ఊరి రోడ్డును ఇదే పద్ధతిలో పరీక్షించవచ్చు.

తరగతి గదిలో ఏళ్ల తరబడి ఈ సూత్రాన్ని నేను కూడా తిరుగులేనిదిగానే చెప్పాను. అది తప్పని ఇప్పుడు అనడం లేదు. అయితే అది ఒక రకం రోడ్డుకు సరిపోయినంతగా మరో రకం రోడ్డుకు సరిపోదనీ, ఆ తేడా గమనించకపోతే ప్రాణాలకే నష్టమనీ చెప్పదలచుకున్నాను.

2. సూత్రం బలం

ముందుగా సూత్రానికి న్యాయం చేద్దాం. రోడ్డు ఎక్కని రైతు కూలీ కట్టిన పన్నుతో, రోజూ కారులో తిరిగేవారికి నాలుగు వరుసల రోడ్డు వేయడం న్యాయమా? వాడుకునేవారి నుంచి వసూలు చేస్తే ఆ భారం పేదవారి మీద పడదు. పైగా రుసుము చెల్లించడానికి ఎవరూ ముందుకు రాని చోట రోడ్డు అవసరం లేదని ముందే తెలుస్తుంది. ఓట్ల కోసం వేసే రోడ్లకు అడ్డుకట్ట పడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. జయకర్ కమిటీ సిఫార్సుల మీద 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడింది. పెట్రోలు మీద వేసిన అదనపు సుంకమే దానికి ఆధారం. బండి నడిపేవారు ఇంధనం కొంటారు, ఇంధనం మీద వసూలైన సొమ్ము రోడ్డుకు చేరుతుంది అన్నది అందులోని తర్కం. 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం ఆ నిధికి గట్టి పునాది వేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున రోడ్డు సెస్సు విధించింది కూడా ఈ తర్కంతోనే.

3. బందరు రోడ్డు నేర్పే పాఠం

పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా బందరు చేరే సుమారు 65 కిలోమీటర్ల ఈ భాగాన్ని మొదట బి.ఓ.టి. పద్ధతిలో నాలుగు వరుసలు చేయాలనుకున్నారు. ఈ పద్ధతిలో ప్రైవేటు సంస్థ అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది, నిర్ణీత కాలం టోల్ వసూలు చేసుకుంటుంది, తరువాత రోడ్డును ప్రభుత్వానికి అప్పగిస్తుంది. ఆ ఒప్పందం ముందుకు సాగలేదు. చివరకు ప్రభుత్వం తన సొమ్ముతో, గుత్తేదారుకు పని అప్పగించే ఇ.పి.సి. పద్ధతిలో రోడ్డు పూర్తి చేయించింది. అయినా దావులూరు దగ్గర టోల్ ప్లాజా ఉంది.

ఇక్కడ మీరు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, టోల్ ఉన్నంత మాత్రాన ఆ రోడ్డు ప్రైవేటు పెట్టుబడితో వేసినదని అర్థం కాదు. టోల్ అంటే ఎవరు తిరిగి చెల్లిస్తారన్న ప్రశ్నకు జవాబు. ముందుగా ఎవరు పెట్టుబడి పెట్టారు, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్నవి వేరే ప్రశ్నలు. పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా కలగాపులగం చేసేది ఈ మూడింటినే.

రెండోది, వాడుకున్నవారంటే ఎవరు? జాతీయ రహదారుల రుసుము నిబంధనలు (2008) ద్విచక్ర వాహనాలకు, మూడు చక్రాల బండ్లకు, ట్రాక్టర్లకు సాధారణంగా మినహాయింపు ఇచ్చాయి. ప్లాజాకు 20 కిలోమీటర్లలోపు నివసించేవారి సొంత కార్లకు నెలవారీ పాసు ఉంది. అంటే నిబంధనలు రాసినవారే, వాడుకున్న ప్రతివారూ ఒకే విధంగా చెల్లించలేరని ఒప్పుకున్నారు. కానీ ఎక్కువ లాభం పొందినవారు అసలు టోల్ గేటు దగ్గరకే రారు. రోడ్డు వెడల్పు కాగానే పక్క పొలం లేఅవుటుగా మారుతుంది, ధర పెరుగుతుంది. ఆ భూయజమాని ఒక్కసారి కూడా రోడ్డెక్కకుండానే లాభపడతాడు. వాడుకున్నవారిని పట్టుకునే సూత్రం, లాభపడినవారిని వదిలేస్తుంది.

4. మన పూర్వానుభవం

లాభపడినవారి నుంచి వసూలు చేయడం అసాధ్యమని అనుకోకండి. మన ప్రాంతానికి ఆ అనుభవం ఉంది.

19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషు రైలు కంపెనీలకు పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వస్తే వాటాదారులకు, రాకపోతే లోటు భారతీయుల పన్నుల నుంచి. హామీ ఉన్నప్పుడు పొదుపుగా కట్టాలన్న జాగ్రత్త ఎవరికుంటుంది? డెల్టాల్లో రైలు కంటే కాలువ రవాణాయే చవకని ఆర్థర్ కాటన్ వాదించింది ఆ రోజుల్లోనే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ఒకే పెట్టుబడి రెండు పనులు చేసింది.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా బోర్డులు మరో దారి తొక్కాయి. తంజావూరు జిల్లా బోర్డు భూమిశిస్తు మీద సెస్సు వేసి, ఆ నిధితో 1894లో మాయవరం–ముత్తుపేట రైలు మార్గం తెరిచింది. కృష్ణకు ఆవలి గట్టున, దివిసీమకు ఎదురుగా ఉన్న రేపల్లెకు తెనాలి నుంచి 1916లో వచ్చిన రైలు మార్గం గుంటూరు జిల్లా బోర్డుది. రైలు వస్తే భూమి విలువ, పంట ధర పెరుగుతాయి కాబట్టి భూమే కొంత ఇవ్వాలన్నది తంజావూరు సెస్సులోని న్యాయం. నిర్ణయం తీసుకున్న బోర్డు, సెస్సు కట్టిన రైతు, రైలెక్కిన ప్రయాణికుడు ఒకే జిల్లావారు కావడం వల్ల సొమ్ము ఎక్కడికి పోయిందో అడిగే వీలుండేది. ఈనాటి రోడ్డు నిధుల్లో మనం పోగొట్టుకున్నది ఆ వీలునే.

5. గుడివాడ వైపు: అరగదీసేదెవరు, కట్టేదెవరు?

బందరు రోడ్డు మీద పామర్రు దగ్గర 165వ జాతీయ రహదారి మొదలై గుడివాడ, కైకలూరు, భీమవరాల మీదుగా పాలకొల్లు వైపు వెళుతుంది. ధాన్యం, చేపలు, రొయ్యలు, మేత మోసే లారీలు ఈ రహదారి మీదా, దాన్ని కలిసే గ్రామీణ రోడ్ల మీదా తిరుగుతుంటాయి. ఇక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. కాలువ గట్టు రోడ్డుకు ఒకవైపు నీరు, మరోవైపు పొలం. గట్టి పునాది, మురుగు పోయే దారి లేకుండా పైన తారు మాత్రమే పోస్తే ఆ రోడ్డు ఎంతో కాలం నిలవదు.

ఇప్పుడు ఇంధన సెస్సును ఒక చిన్న లెక్కతో పరీక్షిద్దాం. కారు లీటరుకు 16 కిలోమీటర్లు, బరువు లారీ 4 కిలోమీటర్లు నడుస్తాయనుకోండి. లీటరుకు రూపాయి సెస్సు అయితే కిలోమీటరుకు కారు కంటే లారీ 4 రెట్లు కడుతుంది. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ రోడ్డుకు జరిగే నష్టం బరువుతో పాటు సమానంగా పెరగదు. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయిలో జరిపిన ఆషో రోడ్డు పరీక్షలు, ఇరుసు మీది బరువు రెట్టింపైతే నష్టం దాదాపు 16 రెట్లవుతుందని చూపాయి. దీనినే నాలుగో ఘాతపు సూత్రమంటారు. కారు ఇరుసు మీద అర టన్ను, లారీ ఇరుసు మీద 10 టన్నులు ఉంటే బరువు 20 రెట్లు. నష్టం 20 నాలుగో ఘాతం, అంటే 1,60,000 రెట్లు. ఇది స్థూలమైన అంచనాయే. అయినా 4 రెట్లకూ లక్షా అరవై వేల రెట్లకూ ఉన్న దూరం చూడండి. వాడుకున్నవారే చెల్లిస్తున్నారని మనం అనుకుంటున్న చోట, నిజానికి కార్లవారు, మోటారు సైకిళ్లవారు లారీల అరుగుదలకు చెల్లిస్తున్నారు.

దీనికి లారీ డ్రైవరును నిందించడం సరికాదు. అధిక లోడు వేయించేది సరుకు యజమాని, కిరాయి పోటీ. పరిష్కారం తూకం దగ్గర ఉంది: ఇరుసు బరువును బట్టి రుసుము, అధిక లోడుకు అక్కడే అడ్డుకట్ట.

మరో లోపం నిర్వహణ. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, రుణం దొరుకుతుంది. గుంట పూడ్చడానికి ఇవేవీ ఉండవు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ లోపాన్ని కొంత గుర్తించి, రోడ్డు వేసిన గుత్తేదారే 5 ఏళ్లు నిర్వహించాలన్న షరతు పెట్టింది. ఆరో ఏడు నుంచి ఎవరు? ఆ బాధ్యత రాష్ట్రం మీద, అంటే ఏటా బడ్జెట్లో మిగిలిన దాని మీద పడుతుంది. సకాలంలో పూడ్చని గుంట, రెండు వానాకాలాలు గడిచేసరికి కొత్త రోడ్డంత ఖర్చు అడుగుతుంది.

6. దివిసీమ: బండి నడవని రోడ్డుకు విలువ ఎంత?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం ఒడ్డున ఉన్నది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఇక్కడి ఊళ్లను ముంచేసింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారాల దగ్గరే మరో పెనుతుఫాను తీరం దాటింది. తీవ్రతలో మొదటిదానికి తీసిపోనిదే. కాని మృతులు వెయ్యిలోపు. ముందస్తు హెచ్చరిక అందింది. జనాన్ని తరలించారు, తలదాచుకోవడానికి తుఫాను కేంద్రాలున్నాయి.

తరలించడమంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. నాగాయలంక, కోడూరు మండలాల చివరి ఊరి నుంచి ముసలివారిని, చంటిపిల్లల్ని, పశువుల్ని కొన్ని గంటల్లో ఎత్తు ప్రదేశానికి చేర్చాలి. ఆ పూట దారి తెగితే హెచ్చరిక చేతికి అందీ ఉపయోగపడదు. ఏడాదిలో 364 రోజులు నాలుగు సైకిళ్లు, రెండు ఆటోలు తిరిగే ఆ రోడ్డు మీద టోల్ లెక్క వేస్తే వచ్చేది సున్నా. మిగిలిన ఒక్క రోజు విలువను ఏ వాహనాల లెక్కింపూ పట్టుకోలేదు.

నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవులవారు తరతరాలుగా పంటు మీద నది దాటినవారు. వారి వంతెన కోరిక దశాబ్దాల నాటిది. జనాభాను బట్టి, వాహనాలను బట్టి వరుస పెడితే అలాంటి ఊళ్లు ఎప్పుడూ చివరనే ఉంటాయి. గ్రామ సడక్ యోజన కూడా మైదాన ప్రాంతంలో 500 జనాభాను హద్దుగా పెట్టుకుంది. 'వాడుకునేవారు తక్కువ' అన్న మాట వెనుక ఒక మోసం దాగి ఉంది: వంతెన లేదు కాబట్టే వాడుకునేవారు తక్కువ. పులిగడ్డ–పెనుమూడి వంతెన లేని రోజుల్లో దివిసీమ నుంచి రేపల్లె వెళ్లాలంటే పడవెక్కాలి, లేదా విజయవాడ చుట్టి రావాలి. నేడు ఆ వంతెన మీదుగా 216వ జాతీయ రహదారి సాగుతోంది. వంతెన కట్టక ముందు పడవలెక్కినవారిని లెక్కపెట్టి ఉంటే ఈ రాకపోకలను ఎవరైనా ఊహించగలిగేవారా?

ఇలాంటి రోడ్లకు డబ్బు వేరే చోటి నుంచి రావాలి. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు ప్రపంచ బ్యాంకు సహాయంతో తుఫాను కేంద్రాలను, వాటికి చేరే రోడ్లను, వంతెనలను, ఉప్పునీటి కట్టలను ఒకే పథకంగా చూసింది. రోడ్డును వాహనాలతో కొలవక, కాపాడే ప్రాణాలతో కొలిచిన పద్ధతి ఇది. సూత్రంగా ఇదే సరైనది. కట్టాక వాటిని నిలబెట్టే నిధిని కూడా అప్పుడే కేటాయిస్తేనే ఆ సూత్రం నిలుస్తుంది.

7. అయితే ఏం చేయాలి?

రోడ్లన్నీ ప్రభుత్వమే ఉచితంగా వేయాలన్నది ఈ విమర్శ ఉద్దేశం కాదు. ఉచితమన్న రోడ్డుకూ ఎవరో ఒకరు చెల్లిస్తారు, ఎవరన్నది మాత్రం కనిపించదు. ఒకే రోడ్డు మూడు రకాల సేవ చేస్తుందని గుర్తించి, సేవను బట్టి జేబును వెతకాలి. దూరప్రయాణానికి, సరుకు రవాణాకు వాడుకునేవారు చెల్లించాలి. అది ఇరుసు బరువును బట్టి ఉండాలి. పెరిగిన భూమి విలువలో కొంత స్థానిక సంస్థకు చేరాలి. ప్రాణరక్షణకు, మారుమూల ఊళ్లకు సాధారణ పన్నుల సొమ్ము వాడాలి. నిర్వహణ నిధికి మాత్రం తాళం వేసి ఉంచాలి, మరే పద్దుకూ మళ్లించరాదు.

ఇందులోనూ చిక్కులున్నాయి. భూమి విలువ పెరుగుదలను లెక్కించడం కష్టం, వివాదాలు వస్తాయి. తూకం దగ్గర లంచం ఉంటే బరువును బట్టి వేసే రుసుము కాగితం మీదే మిగులుతుంది. నిధికి వేసిన తాళం ఏ ఆర్థిక సంక్షోభంలోనైనా ఊడిపోవచ్చు. కష్టమైనది కాబట్టి వదిలేయడం, సులువైనది కాబట్టి న్యాయమనుకోవడం రెండూ ఒకే పొరపాటు.

8. సారాంశం

'వాడుకున్నవారే చెల్లించాలి' అన్నది బందరు రోడ్డు వంటి ప్రధాన రహదారికి చాలావరకు సరిపోతుంది. గుడివాడ వైపు రోడ్లకు సరిపోవాలంటే అరుగుదలను కొలవాలి. దివిసీమ చివరి ఊరి రోడ్డుకు అది అసలు సరిపోదు. ఏ రోడ్డు గురించి చదివినా నాలుగు ప్రశ్నలు వేయండి: ముందు ఎవరు పెట్టారు? చివరకు ఎవరు చెల్లిస్తున్నారు? చెల్లించకుండా లాభపడింది ఎవరు? పదో ఏట దాన్ని ఎవరు బాగుచేస్తారు? నాలుగో ప్రశ్నకు జవాబు లేని రోడ్డుకు అప్పు ఇంకా పూర్తిగా లెక్క తేలలేదన్నమాట.

9. ఆలోచించి రాయండి

అ) టోల్ వసూలుకూ ప్రైవేటు పెట్టుబడికీ ఉన్న తేడాను బందరు రోడ్డు ఆధారంగా వివరించండి.
ఆ) ఇరుసు బరువు మూడింతలైతే రోడ్డు నష్టం ఎన్ని రెట్లవుతుంది? ఇంధన సెస్సు ఈ నష్టాన్ని రాబట్టగలదా?
ఇ) మీ ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే రోడ్డుకు పై నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులను ఒక పేజీలో రాయండి. పంచాయతీ కార్యాలయంలో, పెద్దవారి దగ్గర అడిగి తెలుసుకోండి.